రెండో కప్పు కాఫీ

ఏప్రిల్ 18, మంగళవారం

రెండేళ్ల కిందటి ఒక ఉదయాన్ని రాసి పెట్టుకుంటాను. జనవరి నెల, గురువారం. ప్రత్యేకం ఏమీ జరగలేదు. ఆ చలికాలంలో ఉదయాలన్నీ ఒక్కలాగే ఉండేవి. ఒకటి రాస్తే అన్నీ రాసినట్టే.

ఐదింటికి లేచాను. పిండిలో పందికొవ్వు నలిపి, మజ్జిగ పోసి, బిస్కట్లు చేసి ఓవెన్‌లో పెట్టాను. కాఫీ కాగుతుండగా అమ్మ గదిలోకి వెళ్లి హీటరు పెంచాను. అమ్మను ఎడమ పక్కకు తిప్పి వీపు తుడిచాను. ఒరుసుకుపోయిన చోట మందు రాశాను. దుప్పటి మార్చాను.

“ఈవేళ ఏ వారమే?” అంది అమ్మ.

“గురువారం.”

“అయితే సంతోష దేవరహస్యాలు.”

జపమాలలో ఏ వారానికి ఏ ఐదు రహస్యాలు తలుచుకోవాలో అమ్మది పాత పద్ధతి. గురువారానికి తర్వాత వచ్చిన వెలుగు దేవరహస్యాలు ఆమె లెక్కలో లేవు. ఇద్దరం జపమాల మొదలుపెట్టాం. మూడో రహస్యానికి అమ్మ నిద్రపోయింది. మిగతా రెండూ నేనే పూర్తి చేశాను. ఓట్స్ జావ కాచి, మీద చెంచాడు జొన్నపాకం వేసి చల్లారబెట్టాను. కిటికీలోంచి చూస్తే పచ్చిక మంచుతో తెల్లగా ఉంది. రోడ్డు అవతల డన్ హాలో గిడ్డంగులు నల్లగా ఉన్నాయి. డిస్టిలరీ మూతపడి ఎన్నేళ్లయినా, విస్కీ ఆవిరికి పట్టిన ఆ నలుపు గోడలను వదల్లేదు.

ఎనిమిదింటికి, అమ్మను చూసుకునే పనికి, ఓపల్ వచ్చింది. సోమ, గురు, శనివారాలు ఆమె రోజులు. బూట్లు గుమ్మం దగ్గర విప్పి, చేతులు రుద్దుకుని వెచ్చబరుచుకున్నాకే అమ్మను ముట్టుకునేది. స్నానం చేయిస్తూ ఏదో చెప్పింది. అమ్మ నవ్వింది. నా చేతుల్లో అమ్మ ఎప్పుడూ నవ్వలేదు.

అప్పుడు నేను రెండో కప్పు కాఫీ పోసుకుని, సరుకుల గదిలో నిలబడి తాగాను. తర్వాత ఓపల్ కప్పులు కడిగింది. అంతే ఆ ఉదయం.

ఈవేళ తమ్ముడు క్లెమ్ వచ్చి కూతురు టెస్ పెళ్లి తేదీ చెప్పి వెళ్లాడు. జూన్ పది.

ఏప్రిల్ 20

క్లెమ్, డార్లీన్, టెస్ భోజనానికి వచ్చారు. కోడి వేయించాను. యాపిల్ పై చేశాను.

“పెళ్లి చర్చిలో, విందు మన పచ్చికలో,” అన్నాడు క్లెమ్. “మే పదిన సీసా పాతాలి. సరిగ్గా నెల ముందు. నిండు సీసా, మూత తియ్యనిది, బోర్లా పాతాలి. అప్పుడే వాన రాదు.”

“నాన్నా, ఫోన్లో చూస్తే వాన సంగతి అదే చెబుతుంది కదా,” అంది టెస్.

“మా పెళ్లికి పాతలేదు. ఏమైందో మీ అమ్మనడుగు.”

“టెంటు కూలిపోయింది,” అంది డార్లీన్. “వానకు కాదు. ఆ టెంటు కట్టింది మీ నాన్న.”

అందరం నవ్వాం. నేను కూడా. తర్వాత క్లెమ్ సరుకుల గది తలుపు వైపు చూశాడు. వాడు అటు చూస్తే ఏం రాబోతోందో నాకు తెలుసు.

“నాన్న సీసా ఉండి ఉంటే వేరే మాటే ఉండేది కాదు. డన్ హాలో ఆఖరి పీపా. ముప్పై ఒక్క సీసాలు. గిడ్డంగి మనుషులకు మనిషికొకటి. ‘మొదటి మనవరాలి పెళ్లికి తెరుద్దాంరా’ అని నాన్న ఇరవై రెండేళ్లు దాన్ని ముట్టుకోకుండానే పోయాడు. ఆ ఓపల్ చేతులు పడిపోను!”

“భోజనం దగ్గర శాపనార్థాలు వద్దు,” అన్నాను.

“చూశావా డార్లీన్, దొంగను కూడా తిట్టనివ్వదు మా అక్క. దేవత.”

అందరికీ పై కోసి పెట్టాను.

ఏప్రిల్ 21

రెండో కప్పు గురించి పూర్తిగా రాయలేదు.

ఏప్రిల్ 22, శనివారం

రెండో కప్పులో ఒక చెంచా నాన్న విస్కీ ఉండేది.

ఆ నవంబరులో మొదలైంది. సీసా చిక్కుడుకాయల జాడీల వెనక ఉండేది. మూతికి పచ్చ లక్క. కూరగాయల కత్తితో గీకి తీశాను. చలికి, అనుకున్నాను. అమ్మను ఎత్తి ఎత్తి నడుము పట్టేసింది, దానికి, అనుకున్నాను. మొదటి వారం ఒక చెంచా. క్రిస్మస్‌కు రెండు. జనవరిలో చెంచా వాడలేదు.

మట్టం తగ్గుతుంటే దేవదూతల వాటా అనుకునేదాన్ని. పీపాల్లోంచి ఏటా ఆవిరైపోయే విస్కీని నాన్న అలాగే అనేవాడు. మూత బిగించిన సీసాలోంచి దేవదూతలు తాగరని నాకు తెలియక కాదు.

ఫిబ్రవరి పదకొండుకు సీసా ఖాళీ. పద్నాలుగున అమ్మ పోయింది. సమాధి చేసి వచ్చిన రోజు ఇంటి నిండా జనం. క్లెమ్ నాన్న పేరు మీద ఆ సీసాను ఒకసారి చేత్తో పట్టుకోవాలని వెళ్లాడు. తాగడానికి కాదు.

“అక్కా, నాన్న సీసా ఏది?”

“నేను చూడలేదు.”

“ఓపల్ తప్ప బయటి మనిషి ఎవరొచ్చారు ఈ ఇంటికి?”

నేను వచ్చినవాళ్ల కోసం హ్యామ్ ముక్కలు కోస్తున్నాను. కోస్తూనే ఉన్నాను. ఎవరో “నిప్పు లేనిదే పొగ రాదు” అన్నారు. మంట పెట్టిన మనిషి చేతిలో కత్తి ఉందని ఎవరికీ తెలియదు. మర్నాడు విభూతి బుధవారం. వెళ్లి నుదుట బూడిద పెట్టించుకున్నాను.

ఖాళీ సీసా నా దేవదారు పెట్టెలో, అమ్మ కుట్టిన బొంతలో ఉంది.

ఇప్పుడు పూర్తిగా రాశాను.

ఏప్రిల్ 29, శనివారం

క్లెమ్ నన్ను వరుసలో నిలబడటానికి తీసుకెళ్లాడు. బార్డ్స్‌టౌన్ బయట మద్యం దుకాణానికి ఏడాదికొక్కసారి వచ్చే బర్బన్ విస్కీ ఏదో వచ్చిందట. మనిషికి ఒక్క సీసా.

“రెండు కావాలంటే ఇద్దరు మనుషులు కావాలక్కా. జపమాల అక్కడ కూడా చెప్పుకోవచ్చు.”

ఆరింటికి వెళ్లాం. అప్పటికే మా ముందు నలభై మంది. మడత కుర్చీలు, దుప్పట్లు, ఫ్లాస్కులు. తొమ్మిదింటికి గాని తలుపు తియ్యరు. వరుసలో ఒక పద్ధతి ఉంది. ఇంటి నుంచి మంచి సీసా తెచ్చినవాళ్లు కాగితపు కప్పుల్లో గుక్కెడు పోసి అటూ ఇటూ పంచుతారు. తీసుకున్నవాళ్లు రుచి చెప్పాలి. ఊరికే బాగుందంటే ఒప్పుకోరు.

“చెర్రీ,” అన్నాడొకడు.

“తోలు. కొత్త జీను,” అన్నాడు మరొకడు.

“పాత పుస్తకం,” అన్నాడు ఒహాయో నుంచి వచ్చిన కుర్రవాడు.

“పుస్తకం చదవనోడివి, ఎప్పుడు నాకావురా?” అన్నాడు రాండల్. ఫ్రిజ్‌లు బాగు చేసే రాండల్. క్లెమ్‌కు చిన్నప్పటి నుంచి జత.

ఒహాయో కుర్రవాడు నాకూ కప్పు చాపాడు. “పెద్దమ్మా, మీరూ ఒక చుక్క?”

“నేను తాగను.”

“ఆమెను ఇబ్బంది పెట్టకు,” అన్నాడు రాండల్. “ఆమె ప్రార్థన వల్లే సరుకు వచ్చింది ఈ ఏడు.”

జపమాల పట్టుకుని కూర్చున్నాను. వేళ్లు పూసల మీద ఉన్నాయి. ముక్కు ఆ కప్పు వెంట పోయింది.

మంచి మనుషులు. ఎవరో ముసలాయనకు కాళ్లు పీకుతుంటే కుర్చీ ఇచ్చి, ఆయన చోటు ఆయనకే ఉంచారు. తలుపు తీశాక కూడా ఎవరూ తోసుకోలేదు. క్లెమ్ రెండు సీసాలూ చంకన పెట్టుకుని చిన్నపిల్లాడిలా నవ్వాడు.

“అయినా ఇది డన్ హాలో కాదు,” అన్నాడు కారు దగ్గర. “ఊరూరా తిరిగాను. ముసలమ్మల నేలమాళిగలన్నీ వెతికాను. ఒక్కటంటే ఒక్కటి దొరకలేదు.”

రాండల్ అటూ ఇటూ చూశాడు. “నీకు చెప్పాలా వద్దా అని వారం నుంచి చూస్తున్నా బావా. ఓపల్ స్కాగ్స్ ఇంటికి ఫ్రిజ్ చూడటానికెళ్లా. దాని మీదుంది. పచ్చ లక్క. నిండు సీసా.”

క్లెమ్ ముఖం చూడలేకపోయాను. నేను వెంటనే చెప్పాల్సిన మాట ఒకటుంది. అది నాన్నది కాదు అని. మూడే మాటలు. దారి పొడుగునా నోట్లోనే ఉన్నాయి.

ఏప్రిల్ 30, ఆదివారం

పూజ అయ్యాక క్లెమ్ తిన్నగా ఓపల్ ఇంటికి వెళ్లాడు. గంటలో సీసాతో వచ్చాడు. నా వంటింటి బల్ల మీద పెట్టాడు. లేబుల్ మీద పేరుండదు. పీపా నంబరు ఒక్కటే, చేత్తో రాసింది. ముప్పై ఒకటికీ అదే నంబరు.

“ఏమందో తెలుసా అక్కా? ‘ఇది మా ఆయన వర్జిల్‌ది, గిడ్డంగిలో ఇచ్చింది’ అంది. వర్జిల్! వాడి చేతికి సీసా చిక్కితే సాయంత్రం దాకా ఉండేదా? ‘అలా అయితే షెరీఫ్‌కే చెప్పుకో’ అన్నాను. అప్పుడు కుర్చీ వేసుకుని తనే దించి ఇచ్చింది. ఒక్క మాట కూడా అనలేదు. తప్పు లేకపోతే అలా ఇస్తారా?”

“ఏమో,” అన్నాను.

వాడు బల్ల మీద చేతులు పెట్టి, సీసాను ముట్టుకోకుండా, చాలాసేపు చూశాడు. కళ్లనిండా నీళ్లు. రెండేళ్లుగా వెతుకుతున్నాడు. ఇప్పుడు చెబితే వాడి గుండె పగులుతుంది అనుకున్నాను. వాడి గుండె కోసమే ఆగాను అని రాద్దామనుకున్నాను. కాదు.

మే 1

యాపిల్ పై చేసుకుని ఓపల్ దగ్గరికి వెళ్లాను. ఇదివరకు కూడా చేశాను. రెండేళ్లలో పద్నాలుగు పైలు. ఆమె లేనప్పుడు వరండాలో పెట్టి వచ్చేదాన్ని. పళ్లెం కడిగి, తుడిచి, మా గేటు దగ్గర పెట్టేది. ఇవాళ ఇంట్లోనే ఉంది.

“లోపలికి రా రోసలీ,” అంది.

ఫ్రిజ్ మీద గుండ్రంగా దుమ్ము లేని చోటు ఉంది. అటు చూడకుండా కూర్చున్నాను.

“వర్జిల్ తాగుడు మానేసిన ఏడు అదే ఇంట్లో ఉన్న ఆఖరి సీసా,” అంది. “పారబోస్తానంటే వద్దన్నాడు. కళ్లెదురుగా పెట్టుకుంటానన్నాడు. రోజూ పొద్దున్నే దాని వంక చూసి, ‘ఈవేళ కూడా నువ్వక్కడ, నేనిక్కడ’ అనేవాడు. పద్దెనిమిదేళ్లు. చచ్చిపోయిన రోజు కూడా అన్నాడు.”

“మరెందుకిచ్చావు ఓపల్?”

“షెరీఫ్ కారు నా వాకిట్లో ఆగితే మర్నాటికి ఊరంతా ఏమంటుందో నీకు తెలియదా?” అంది. “మీ అమ్మ నవ్వు మంచిది రోసలీ. ఆ ఇంట్లో గొడవ పెట్టే మనిషిని నేను కాకూడదనుకున్నా. అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే.”

“అప్పుడు అంటే?”

“వచ్చినప్పుడల్లా నీ కప్పు కడిగింది నేనే కదమ్మా. నాకు ఆ వాసన తెలియదా? తాగేవాడితో కాపురం చేసినదాన్ని.”

తలెత్తలేకపోయాను. ఆమె పై కోసి, నాకొక ముక్క పెట్టింది. తిన్నాను. అంతకంటే రాయలేను.

మే 6, శనివారం

పాపసంకీర్తనానికి, ఫాదర్ ముందు పాపాలు ఒప్పుకోవడానికి, వెళ్లాను. సీసా ఖాళీ చేశానని చెప్పాను.

“దానివల్ల ఎవరికైనా నష్టం జరిగిందా?” అని ఫాదర్ డేనియల్ అడిగారు.

“సీసా పోయింది ఫాదర్,” అన్నాను.

పది మంగళవార్త జపాలు ప్రాయశ్చిత్తం. చెప్పాను.

అడిగిన దానికి జవాబు ఇచ్చాను. అబద్ధం కాదు.

మే 7

పూజలో సత్ప్రసాదం తీసుకోవడానికి లేవలేదు. మోకాలు నొప్పి అని డార్లీన్‌కు చెప్పాను.

మే 10, బుధవారం

సీసా పాతారు. పచ్చికలో, టెంటు నడిమి గుంజ వచ్చే చోట. రాండల్ కూడా వచ్చాడు. గొయ్యి తవ్వినంతసేపూ తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు.

“ముప్పై ఏళ్ల కార్కు బిరడా బావా! నెల రోజులు బోర్లా ఉంటే విస్కీ దాన్ని తినేస్తుంది. నీకు తెలియనిదా? నువ్వే కదా వరుసలో అందరికీ పాఠాలు చెప్పేది, సీసాను పడుకోబెట్టినా పాపమని?”

“లక్క ఉంది కదరా.”

“లక్కకు వయసు రాదా? ఏదైనా చౌక సీసా పాతెయ్. మొన్న వరుసలో తెచ్చింది పాతు.”

“నాన్న మాటంటే మాటే. ఈ పెళ్లికి ఈ సీసాయే.” క్లెమ్ మోకాళ్ల మీద కూర్చుని, పసిబిడ్డను దించినట్టు, తలకిందులుగా దించాడు. “అక్కా, ఒక ప్రార్థన చెప్పు.”

అందరూ టోపీలు తీశారు. పరలోక జపం చెప్పాను. ‘మా అప్పులను క్షమించండి’ దగ్గర ఆగిపోయాను. కన్నీళ్లు అనుకున్నారు. టెస్ వచ్చి నా భుజం పట్టుకుంది.

మే 11

చెప్పలేదు.

మే 13

పెళ్లయ్యాక చెబుదాం. పిల్ల పెళ్లి చెడగొట్టడం పెద్దదాన్నయి నాకు తగదు.

మే 18

రాత్రంతా వాన పడింది. ఉదయం కిటికీలోంచి పచ్చిక వంకే చూశాను. ఆ కార్కు పాడైపోయి మొత్తం మట్టిలో కలిసిపోతే బాగుండును అనిపించింది. ఇక ఎవరి సీసా అనే మాటే ఉండదు. అలాగే జరగాలని ప్రార్థించాను కూడా. మధ్యలో ఆపేశాను.

మే 21, ఆదివారం

చర్చి మెట్ల మీద లియోనా హార్డెస్టీ ఆపింది. వాళ్ల అత్తగారు పడి తుంటి విరిగింది. మనిషి కావాలట.

“ఓపల్‌ను పిలుద్దామనుకుంటున్నా. మీ ఇంట్లో చేసింది కదా. నమ్మొచ్చా రోసలీ?”

“మా అమ్మను బాగా చూసుకుంది.”

“అది కాదు నేనడిగేది.”

నేనేమీ అనలేదు. ఒక్క క్షణమే. లియోనా నా చెయ్యి నొక్కింది. “నువ్వు ఎవరి గురించీ చెడు చెప్పవు. అర్థమైందిలే,” అని వెళ్లిపోయింది.

రెండేళ్ల కిందట నేను ఊరుకున్నాను. ఇవాళ మళ్లీ ఊరుకున్నాను. మొదటిసారి తెలియక జరిగిందని ఇన్నాళ్లూ లోపల ఎక్కడో అనుకుంటూ ఉన్నాను. ఇక అనుకోలేను.

జూన్ 4, ఆదివారం, పెంతెకోస్తు పండుగ

గేటు దగ్గర, పై పెట్టి ఇచ్చిన నా పళ్లెం ఉంది. అడుగున చీటీ. “రోసలీ, ఇక పంపవద్దు. శుక్రవారం ఇండియానాలో మా చెల్లెలి ఇంటికి వెళ్లిపోతున్నా. ఇక్కడ నన్ను పిలిచే ఇల్లు లేదు. పళ్లేనికి అంచున చిన్న బీటుంది, అది నేను చేసింది కాదు, ముందే ఉంది.”

ఆఖరి వాక్యం పొద్దుటి నుంచి చదువుతున్నాను. పళ్లెం బీటకు కూడా తను కాదని రాసి చెప్పుకోవాల్సిన స్థితికి ఆమెను తెచ్చింది నేను.

జూన్ 5

శుక్రవారం.

జూన్ 6

శుక్రవారం. పెళ్లికి ముందు రోజు.

జూన్ 7, బుధవారం

ఈ సాయంత్రం బల్లల లెక్క చూడటానికి క్లెమ్, డార్లీన్, టెస్ వచ్చారు. ఎవరు ఎక్కడ కూర్చోవాలో టెస్ కాగితం మీద గీస్తోంది. క్లెమ్ శనివారం పొద్దున్న సీసా ఎలా తవ్వాలో, మొదటి గుక్క ఎవరికి పోయాలో చెబుతున్నాడు.

లేచి లోపలికి వెళ్లాను. దేవదారు పెట్టె తీశాను. బొంతలోంచి సీసా తీసి తెచ్చి, టెస్ గీస్తున్న కాగితం మధ్య పెట్టాను. ముందు మాట్లాడదామనుకుంటే మళ్లీ ఊరుకుంటానని భయం. అందుకే ముందు సీసా పెట్టాను.

“నాన్నది ఇదీ,” అన్నాను. “నేను తాగాను. అమ్మ ఆఖరి చలికాలంలో, రోజూ పొద్దున్న కాఫీలో. పాతిపెట్టింది ఓపల్‌ది. వర్జిల్‌ది.”

టెస్ పెన్సిలు కింద పెట్టింది.

“హాస్యమాడకు అత్తా,” అంది, చిన్నగా.

“వదినా, నువ్వా?” అంది డార్లీన్. “పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు... క్లెమ్‌తో వరుసలో కూర్చుని జపమాల తిప్పావు కదా! ఆ మనిషికి ఈ ఊళ్లో కూడు లేకుండా చేశావు కదా!”

“చేశాను.”

“ఆమెకు తెలుసా?”

“మొదటి నుంచీ.”

క్లెమ్ ఖాళీ సీసా తీసుకుని నంబరు చూశాడు. మూతి వాసన చూశాడు. ఏమీ లేదు, బొంత వాసన తప్ప. లేచి వెనక షెడ్డులోకి వెళ్లి పార తెచ్చాడు. అందరం వాడి వెంట పచ్చికలోకి నడిచాం. ఇంకా ఎండ ఉంది.

మూడడుగులు తవ్వేసరికి నాకు ముందే తెలిసింది. వాసన. తడి మట్టిలోంచి, ఎండలోకి. క్లెమ్ పార పక్కన పడేసి చేతుల్తో తవ్వాడు. సీసా తీసి నిలబెట్టాడు. లక్క పగిలి ఉంది. కార్కు మెత్తబడి నల్లగా అయింది. మట్టం సీసా భుజం కిందికి దిగింది. మూడో వంతు లేదు.

“రాండల్ చెప్పాడు,” అన్నాడు. “చెప్పాడు వాడు. నేనే...”

చేతినిండా మట్టి తీసుకుని ముఖానికి దగ్గరగా పెట్టుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు. అంతసేపు వాడు ఊపిరి పీల్చడం నేనెప్పుడూ చూడలేదు. రెండేళ్లు వెతికిన దాన్ని వాడు కలుసుకున్నది అలా. మట్టిలో. అదీ మరొకరిది.

“ఎలా ఉండేదక్కా?” అన్నాడు.

తిడతాడనుకున్నాను. తిట్టలేదు.

“మనలో తాగినదానివి నువ్వొక్కదానివే కదా. చెప్పు. ఊరికే బాగుందంటే ఒప్పుకోను.”

“మొదటి చెంచాకు నోరు మండింది,” అన్నాను. “తర్వాత... నాన్న కోటు గుర్తుందా? గిడ్డంగి నుంచి వచ్చి తలుపు వెనక తగిలించేవాడు. అందులో తల దూర్చి దాక్కునేవాళ్లం. ఆ వాసన. నోట్లో.”

“తియ్యగా?”

“చివర్లో. యాపిల్ తొక్క పొయ్యి పక్కన ఎండితే ఉంటుందే, అలా. మింగాక చాలాసేపు ఉండేది. అమ్మకు రెండోసారి వీపు తుడిచే దాకా.”

“ఇంకా?”

“నాన్న ఉన్నట్టుండేదిరా ఇంట్లో. అందుకే ఆపలేకపోయాను. కారణం అదొక్కటే అని చెప్పను. తాగాలనిపించింది కూడా.”

వాడు తల ఊపాడు. ఆ మట్టి చెయ్యి లోపలికి వచ్చాక కూడా కడుక్కోలేదు.

తర్వాత నలుగురం మళ్లీ బల్ల దగ్గర కూర్చున్నాం. అనుకున్నవి రాస్తున్నాను.

గోతిలో మరో సీసా పెట్టడం లేదు. “వాన వస్తే తడుద్దాం,” అంది టెస్. మిగిలిన విస్కీకి కొత్త కార్కు బిగించి ఉంచాం. రేపు మధ్యాహ్నం క్లెమ్ దాన్ని ఓపల్‌కు తిరిగి ఇస్తాడు. మూడో వంతు ఎలా పోయిందో వాడే చెబుతాడు. ఓపల్ గురించి తను నోరు పారేసుకున్న ఇళ్లన్నీ గుర్తు తెచ్చుకుంటే పదకొండు తేలాయి. “తిట్టింది నేను, తిట్టనిచ్చింది నువ్వు. ఇద్దరం కలిసే వెళ్దాం,” అన్నాడు. మొదట లియోనా ఇల్లు. టెస్ కాగితం మీద మొదటి బల్లలో నా పేరు కొట్టేసి ఓపల్ పేరు రాసింది. నేనెక్కడ కూర్చోవాలో ఎవరూ చెప్పలేదు. నేను అడగలేదు. ఓపల్ రాకపోతే ఆ కుర్చీ ఖాళీగానే ఉంటుంది.

అన్నిటికంటే ముందు, రేపు పొద్దున్నే, నేను ఒక్కదాన్నే నడిచి ఆమె ఇంటికి వెళ్లి, క్షమించమని అడగాలి. ఐదింటికి లేచి పై చేస్తానన్నాను.

“వద్దక్కా,” అన్నాడు క్లెమ్. “ఈసారి ఉత్త చేతులతో వెళ్లు.”

డార్లీన్ అవునంది. టెస్ అవునంది. నేను సరేనన్నాను.